‘రాడ్డు ఒంటికి పడలేదు’: ఎముక ఇంప్లాంట్ల పూతల గురించి మనం అడగాల్సిన ప్రశ్న

సిలబస్: జనరల్ స్టడీస్ పేపర్-3 (శాస్త్ర సాంకేతిక రంగాలు, నిత్యజీవితంలో వాటి అనువర్తనాలు), పేపర్-2 (ఆరోగ్య రంగ పాలన). ఎస్సే పేపర్‌కు కూడా పనికొస్తుంది.

మా బాబాయి కాలికి మూడుసార్లు ఆపరేషన్ జరిగింది. రాత్రిపూట బైకు మీద వస్తుంటే ట్రాక్టర్ ట్రాలీ తగిలి, మోకాలి కింది ఎముక విరిగి చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. ఆసుపత్రికి చేరేసరికి ఆరు గంటలు గడిచాయి, గాయం నిండా మట్టి. మొదటి ఆపరేషన్‌లో రాడ్డు వేశారు. రెండోదాంట్లో చీము కడిగారు. మూడోదాంట్లో ఆ రాడ్డే తీసేశారు. ఈ మూడింటి మధ్య పద్నాలుగు నెలలు, అరెకరం పొలం పోయాయి. ఇప్పటికీ ఎవరైనా అడిగితే బాబాయి ఒకే మాట చెబుతాడు: “రాడ్డు మన ఒంటికి పడలేదురా నాన్నా, అంతే.”

ఈ మాట మీ ఊళ్లోనూ వినే ఉంటారు. శాస్త్ర సాంకేతిక విభాగం నోట్సు రాసుకుంటూ ‘లోహ ఇంప్లాంట్లకు యాంటీబ్యాక్టీరియల్ పూత’ అనే కరెంట్ అఫైర్స్ అంశం దగ్గర ఆగినప్పుడు, బాబాయి చెప్పేది అసలు కారణం కాదని అర్థమైంది. శరీరం బాగా ఒప్పుకునే లోహాల్లో టైటానియం ఒకటి. స్వీడన్‌కు చెందిన బ్రోనెమార్క్ 1950వ దశకంలో కుందేలు ఎముకలో అమర్చిన టైటానియం పరికరాన్ని తిరిగి తీయబోతే రాలేదు, ఎముక దాన్ని పట్టేసుకుంది. దంత ఇంప్లాంట్లు, సిమెంటు లేకుండా అమర్చే కీళ్లు ఈ గుణం మీదే ఆధారపడ్డాయి. బాబాయి విషయంలో లోహం శరీరానికి పడకపోవడం జరగలేదు. శరీర కణాల కంటే ముందు బ్యాక్టీరియా ఆ లోహం మీద కాపురం పెట్టాయి.

ఈ అంశంపై పరీక్షార్థులు రాసే జవాబులు చాలావరకు ‘విప్లవాత్మక సాంకేతికత’ అని మొదలై, ‘ఆత్మనిర్భర్ భారత్‌కు ఊతం’ అని ముగుస్తాయి. ఆ రెంటి మధ్య ఉండాల్సిన ప్రశ్న వాటిలో కనిపించదు. ఈ పూత మొదట ఎవరికి అందాలి? అది పనిచేసిందని ఎవరు లెక్క రాయాలి? నా అభిప్రాయం ఇదీ: మన దేశంలో ఈ పూతలు ముందుగా ప్రభుత్వాసుపత్రుల్లో ఓపెన్ ఫ్రాక్చర్లతో చేరేవారికి అందాలి. వాటితోపాటే తప్పనిసరి ఇంప్లాంట్ రిజిస్ట్రీ రావాలి. ఈ రెండూ లేకపోతే పూత అనేది బిల్లులో ఇంకో వరుసగా మిగిలిపోతుంది.

ఉపరితలం కోసం పరుగుపందెం

1987లో అమెరికా పరిశోధకుడు ఆంథొనీ గ్రిస్టినా ఇంప్లాంట్ ఇన్ఫెక్షన్‌ను ఒక పరుగుపందెంతో పోల్చాడు. శరీరంలోకి కొత్త లోహం రాగానే దాని ఉపరితలం కోసం రెండు పక్షాలు పరుగెడతాయి. ఒకవైపు ఎముకను కట్టే కణాలు, రెండోవైపు బ్యాక్టీరియా. కణాలు ముందు చేరితే ఎముక అతుక్కుంటుంది, సూక్ష్మజీవులకు చోటుండదు. బ్యాక్టీరియా ముందు చేరితే, ముఖ్యంగా స్టెఫైలోకాకస్ జాతివి, తమ చుట్టూ జిగురు లాంటి పొర అల్లుకుంటాయి. దీన్నే బయోఫిల్మ్ అంటారు.

కోటలో చేరిన సైన్యాన్ని బయటినుంచి ముట్టడించడం ఎంత కష్టమో, బయోఫిల్మ్‌లోని బ్యాక్టీరియాను మందులతో చంపడం అంత కష్టం. రక్తంలో విడిగా తిరిగే బ్యాక్టీరియాను చంపే మోతాదు ఇక్కడ చాలదు. ప్రయోగశాలలో కొన్నిసార్లు వందల రెట్లు ఎక్కువ మందు పోసినా కొన్ని బతికే ఉంటాయి. లోహానికి రక్తనాళాలు ఉండవు కాబట్టి మందు, తెల్ల రక్తకణాలు రెండూ అక్కడికి సరిగా చేరవు. అందుకే నెలల తరబడి యాంటీబయాటిక్స్ వాడి, చివరికి ఇంప్లాంటే తీసేయాల్సి వస్తుంది. మా ఇంట్లో జరిగింది ఇదే.

ఇక్కడే ఈ అంశం ఏఎంఆర్‌తో, అంటే యాంటీమైక్రోబియల్ రెసిస్టెన్స్‌తో ముడిపడుతుంది. ‘లాన్సెట్’ పత్రికలో 2022లో వచ్చిన అంచనా ప్రకారం, 2019లో మందులకు లొంగని బ్యాక్టీరియా నేరుగా కారణమైన మరణాలు ప్రపంచవ్యాప్తంగా సుమారు 12.7 లక్షలు. ఒక ఇంప్లాంట్ ఇన్ఫెక్షన్ అంటే వారాలు, నెలలపాటు బలమైన యాంటీబయాటిక్స్ వాడకం. అలాంటి ప్రతి కేసు నిరోధకత పెరగడానికి మరో అవకాశం. ఆ కేసును మొదట్లోనే ఆపగలిగితే మేలు ఆ ఒక్క కాలితో ఆగదు.

పూత రెండు పనులు చేయాలి

మంచి పూత ఒకేసారి ఎముకను పిలవాలి, బ్యాక్టీరియాను తరమాలి. మొదటి పనికి పెట్టిన పేరు ‘బయోయాక్టివ్’, రెండోదానికి ‘యాంటీబ్యాక్టీరియల్’. ప్రిలిమ్స్‌లో ఈ తేడా మీదే స్టేట్‌మెంట్ ప్రశ్న రావచ్చు.

ఎముకను పిలిచే పదార్థాల్లో మొదటిది హైడ్రాక్సీఅపటైట్. ఇది కాల్షియం ఫాస్ఫేట్ ఖనిజం, మన ఎముకలోని ఖనిజ భాగానికి దగ్గరి చుట్టం. రెండోది బయోయాక్టివ్ గాజు. దీని వెనుక కథ ఆసక్తికరం. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఒక సైనికాధికారి, శరీరం ఒప్పుకునే పదార్థం లేక సైనికుల కాళ్లూ చేతులూ తీసేయాల్సి వస్తోందని బస్సు ప్రయాణంలో చెప్పడం విని, ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన లారీ హెంచ్ 1969లో 45 శాతం సిలికా ఉన్న గాజును తయారుచేశాడు. శరీర ద్రవాల్లో ఈ గాజు మెల్లగా కరిగి, ఉపరితలంపై ఎముక ఖనిజాన్ని పోలిన పొర ఏర్పరుస్తుంది. కరిగేటప్పుడు చుట్టుపక్కల క్షారత్వం పెరిగి బ్యాక్టీరియాకు కూడా ఇబ్బంది అవుతుంది.

బ్యాక్టీరియాను తరమడానికి మూడు దారులున్నాయి. మొదటిది, పూతలో జెంటామైసిన్ లాంటి యాంటీబయాటిక్ ఉంచి మెల్లగా విడుదల చేయడం. కరిగిపోయే పాలిమర్‌లో ఈ మందు కలిపి పూసిన కాలి ఎముక రాడ్లు యూరప్‌లో వాడుకలోకి వచ్చాయి. రెండోది, వెండి, రాగి, జింక్ అయాన్లను విడుదల చేయడం. ఎముక క్యాన్సర్ గడ్డ తీసేసిన చోట అమర్చే పెద్ద ఇంప్లాంట్లకు జర్మనీలో వెండి పూత వాడారు. జపాన్‌లో అయొడిన్ చేర్చిన టైటానియం వాడారు. మూడోది, మందేమీ లేకుండా ఉపరితలం ఆకారంతోనే చంపడం. సికాడా కీటకం రెక్క మీది నానో సూదులు తమ మీద వాలిన కొన్ని రకాల బ్యాక్టీరియా పొరను చీల్చేస్తాయని 2012లో తేలింది. లోహంపై అలాంటి సూదుల్ని మొలిపించే ప్రయత్నాలు ఇంకా ఎక్కువగా ప్రయోగశాల దశలోనే ఉన్నాయి.

తయారీలోని చిక్కు కూడా తెలుసుకోవాలి. హైడ్రాక్సీఅపటైట్‌ను లోహంపై వేయడానికి వాడే ప్లాస్మా స్ప్రేలో వేడి వేల డిగ్రీలు. ఆ వేడికి ఏ యాంటీబయాటిక్ నిలవదు, కాబట్టి మందును తర్వాత, తక్కువ వేడిలో చేర్చాలి. దీనికి మరో మార్గం మైక్రో ఆర్క్ ఆక్సిడేషన్. టైటానియంను రసాయన ద్రావణంలో ఉంచి ఎక్కువ వోల్టేజీ ఇస్తే దాని పైపొరే సన్నని రంధ్రాలున్న ఆక్సైడ్‌గా మారుతుంది. ద్రావణంలో కాల్షియం, ఫాస్ఫేట్, జింక్ లాంటివి కలిపితే అవి ఆ పొరలోకి చేరతాయి. పొర లోహం నుంచే పుట్టింది కనుక సులభంగా ఊడదు. ఇది చిన్న విషయం కాదు. ఎముక మజ్జలోకి రాడ్డును సుత్తితో కొట్టి దించుతారు. ప్రయోగశాల గాజుపాత్రలో అద్భుతంగా పనిచేసిన పూత ఆ రాపిడికే చెక్కుకుపోతే దానివల్ల లాభం లేదు.

వెండి పూత నేర్పిన పాఠం

ఈ రంగంలో అతి ఉత్సాహానికి ఒక హెచ్చరిక గుండె శస్త్రచికిత్స నుంచి వచ్చింది. కృత్రిమ గుండె వాల్వుకు ఇన్ఫెక్షన్ రాకూడదని, దాని కుట్టు అంచుకు వెండి పూత వేసిన సిల్జోన్ వాల్వును అమెరికాకు చెందిన సెయింట్ జూడ్ మెడికల్ సంస్థ 1997లో తెచ్చింది. ఆలోచన సబబుగానే కనిపించింది. కానీ సుమారు 800 మందితో జరిగిన అధ్యయనంలో, పూత ఉన్న వాల్వుల పక్కనుంచి రక్తం కారే సమస్య ఎక్కువని తేలింది. 2000 జనవరిలో కంపెనీ వాటిని వెనక్కి తీసుకుంది. కణజాలం అంచును పట్టుకుని మానే ప్రక్రియకు ఆ వెండే అడ్డుపడి ఉండొచ్చని భావించారు.

ఎముకకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. బ్యాక్టీరియాను చంపే మోతాదుకు, ఎముక కణాన్ని ఇబ్బంది పెట్టే మోతాదుకు మధ్య దూరం తక్కువ. అందుకే ‘99.9 శాతం బ్యాక్టీరియాను చంపింది’ అనే ప్రయోగశాల ఫలితం దగ్గర మన జవాబు ఆగిపోకూడదు. రెండేళ్ల తర్వాత ఆ మనిషి నడుస్తున్నాడా అన్నదే అసలు పరీక్ష.

ముందు ఎవరికి? ఒక చిన్న లెక్క

మోకాలు, తుంటి మార్పిడి ఆపరేషన్లలో ఇన్ఫెక్షన్ రేటు సాధారణంగా ఒకటి రెండు శాతం. ఏదో పూత దాన్ని 2 శాతం నుంచి 1 శాతానికి తగ్గిస్తుందని అనుకుందాం. ఆ తేడా నిజమేనని, యాదృచ్ఛికం కాదని తేల్చాలంటే, గణాంక శాస్త్రంలో మామూలుగా వాడే ప్రమాణాల ప్రకారం పూత ఉన్నవారు సుమారు 2,300 మంది, లేనివారు అంతే మంది కావాలి. వంద మందిని ముందుగానే ప్రమాదం నుంచి తప్పించారా అని చూస్తే, మేలు పొందింది ఒక్కరే.

ఇప్పుడు ఎముక చర్మాన్ని చీల్చుకొచ్చి మట్టి పట్టిన తీవ్రమైన ఓపెన్ ఫ్రాక్చర్లు తీసుకోండి. ఇక్కడ ఇన్ఫెక్షన్ రేటు పది శాతం దాటడం అరుదేమీ కాదు. ఉదాహరణకు 20 శాతాన్ని పూత 10 శాతానికి తగ్గిస్తుందని అనుకుంటే, తేడా తేల్చడానికి ఒక్కో వర్గంలో సుమారు 200 మంది చాలు. ప్రతి వంద మందిలో పదిమంది గట్టెక్కుతారు. ఒకే పూత, ఒకే ఖర్చు, మేలు మాత్రం పది రెట్లు.

ఇలాంటి గాయాలు ఎక్కువగా ఎవరికి తగులుతాయి? రోడ్డు మీద బతికేవారికి. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి, 1,68,491 మంది చనిపోయారు, 4,43,366 మంది గాయపడ్డారు. ద్విచక్ర వాహనదారులు, పాదచారులు వీరిలో పెద్ద భాగం. సంపాదించే వయసులో ఉన్నవారు, ప్రభుత్వాసుపత్రికో ఆరోగ్య పథకం కార్డు ఉన్న ఆసుపత్రికో వెళ్లేవారు. కానీ కొత్త సాంకేతికత మార్కెట్ దారిలో వస్తే ముందుగా చేరేది వీరిని కాదు. డబ్బు పెట్టగలిగినవారి మోకాలి మార్పిడికి ‘ప్రీమియం’ పేరుతో చేరుతుంది. అంటే మేలు అతి తక్కువ ఉన్నచోట ముందు అమ్ముడవుతుంది, అతి ఎక్కువ ఉన్నచోటికి చివర్లో వస్తుంది. ప్రభుత్వ విధానం జోక్యం చేసుకోవాల్సింది ఈ మలుపులోనే.

లెక్క రాసే పుస్తకం

స్వీడన్ 1975లో మోకాలి కీళ్లకు, 1979లో తుంటి కీళ్లకు జాతీయ రిజిస్ట్రీలు మొదలుపెట్టింది. ఎవరికి ఏ ఇంప్లాంట్ వేశారు, అది ఎన్నేళ్లు నిలిచింది, ఎందుకు తీశారు అన్నదంతా ఒకచోట నమోదవుతుంది. ఆస్ట్రేలియా 1999లో అదే బాట పట్టింది. దాని విలువ లోహం మీద లోహం రాసుకునే డీప్యూ ఏఎస్ఆర్ తుంటి కీలు వ్యవహారంలో బయటపడింది. మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వస్తున్న కేసులు ఎక్కువని ఆస్ట్రేలియా రిజిస్ట్రీ ముందే పసిగట్టింది. 2009 చివర్లో అక్కడ ఆ కీలు అమ్మకం ఆగింది. ప్రపంచవ్యాప్త రీకాల్ వచ్చింది 2010 ఆగస్టులో. మన దేశంలో ఆ కీలు వేయించుకున్న వేల మందిలో చాలామంది ఆచూకీ తర్వాత దొరకనేలేదు. పరిహారం నిర్ణయించడానికి కమిటీలు కూర్చునేసరికి 2018 వచ్చింది.

మన దగ్గర ఏమీ లేదని కాదు. వైద్య పరికరాల వల్ల కలిగే హానిని నమోదు చేయడానికి 2015 జులైలో మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం మొదలైంది. వైద్య పరికరాల నియమాలు 2017లో వచ్చి 2018 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి, ప్రమాద స్థాయిని బట్టి పరికరాలను ఏ, బీ, సీ, డీ తరగతులుగా విభజిస్తాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ ఔషధ నియంత్రణ కిందకు వచ్చాయి. 2023లో జాతీయ వైద్య పరికరాల విధానం కూడా వచ్చింది. కానీ హాని జరిగాక ఎవరో ఒకరు తెలియజేస్తే నమోదయ్యే వ్యవస్థ వేరు, వేసిన ప్రతి ఇంప్లాంట్‌నూ మొదటిరోజే నమోదు చేసే వ్యవస్థ వేరు. మొదటిదాంట్లో చెడు మాత్రమే, అదీ కొంతే తెలుస్తుంది. ఎంతమందిలో ఎంతమందికి అనే భిన్నంలో హారం ఉండదు. హారం లేని భిన్నంతో ఏ పూత మంచిదో చెప్పలేం.

ధరల విషయంలోనూ ఇదే లోటు కనిపిస్తుంది. 2017 ఆగస్టులో ఎన్‌పీపీఏ మోకాలి ఇంప్లాంట్ల ధరలకు పరిమితి పెట్టింది. సామాన్యుడికి అది పెద్ద ఊరట, దాన్ని నేను సమర్థిస్తాను. అయితే ఆ వర్గీకరణ లోహం, డిజైన్ ఆధారంగా జరిగింది. ఇన్ఫెక్షన్ తగ్గిస్తుందా లేదా అన్న కొలమానం అందులో లేదు, ఉండటానికి డేటా కూడా లేదు. రిజిస్ట్రీ ఉంటే ‘నిరూపించు, అప్పుడే అదనపు ధర’ అని ప్రభుత్వం కంపెనీని అడగగలదు.

మన చేతిలో ఉన్న సరుకు

ఇది దిగుమతుల కథగా మిగలాల్సిన పనిలేదు. కేరళ తీరంలోని చవరలో హైదరాబాద్ డీఎంఆర్‌ఎల్ అభివృద్ధి చేసిన పద్ధతిలో టైటానియం స్పాంజ్ తయారవుతోంది. 1973లో హైదరాబాద్‌లో ఏర్పడిన మిధాని టైటానియం మిశ్రమ లోహాలతోపాటు వైద్య ఇంప్లాంట్లనూ తయారుచేస్తోంది. అదే నగరంలోని ఏఆర్‌సీఐకి మైక్రో ఆర్క్ ఆక్సిడేషన్‌తో సహా ఉపరితల పూతల్లో అనుభవం ఉంది. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ దేశీయ గుండె వాల్వును రోగులదాకా చేర్చి చూపించింది. విశాఖలోని మెడ్‌టెక్ జోన్‌లో పరీక్షా సదుపాయాలున్నాయి. 2020లో ఆమోదించిన రూ.3,420 కోట్ల పీఎల్‌ఐ పథకంలో ఇంప్లాంట్లకూ చోటుంది. లోహం ఉంది, పూత ఉంది, పరీక్ష ఉంది. వీటిని ఓపెన్ ఫ్రాక్చర్ వార్డుతో కలిపే దారమే లేదు. కొన్ని ప్రభుత్వ వైద్య కళాశాలల్లో ఒకే పద్ధతిలో సాగే పరీక్షలకు నిధులిస్తే, 200 మంది లెక్క అందని ద్రాక్షేమీ కాదు.

అభ్యంతరాలకు జవాబు

మొదటి అభ్యంతరం: ‘చేతులు కడుక్కోవడం, శుభ్రమైన ఆపరేషన్ థియేటర్, సకాలంలో ఇచ్చే యాంటీబయాటిక్ ఇవే సరిగా లేనిచోట పూతలు ఎందుకు?’ ఇది బలమైన వాదన. పూత వీటికి ప్రత్యామ్నాయం కాదు. మట్టి పట్టిన గాయాన్ని సరిగా కడగకుండా వేసిన ఖరీదైన రాడ్డు కూడా చీము పడుతుంది. అయితే ఆరు గంటలు ఆలస్యంగా వచ్చిన మనిషికి థియేటర్ శుభ్రత ఒక్కటే సరిపోదు. రిజిస్ట్రీకి ఇక్కడ ఇంకో ఉపయోగం ఉంది. ఇన్ఫెక్షన్లు లెక్కపెట్టడం మొదలైతే శుభ్రత లోపాలు కూడా బయటపడతాయి.

రెండోది: ‘యాంటీబయాటిక్ పూతలు నిరోధకతను పెంచవా?’ పెంచే అవకాశం ఉంది. మందు చివర్లో కొద్దికొద్దిగా కారుతూ ఉంటే, చావని బ్యాక్టీరియాకు అది శిక్షణలా మారుతుంది. కాబట్టి మన పరిశోధన నిధులు యాంటీబయాటిక్ అక్కర్లేని దారులకు, అంటే అయాన్లు, బయోయాక్టివ్ గాజు, ఉపరితల ఆకారం లాంటివాటికి ప్రాధాన్యమివ్వాలి. మందు ఉన్న పూతలను ప్రమాదం ఎక్కువ ఉన్న కేసులకే పరిమితం చేయాలి. వెండి, రాగికి కూడా నిరోధకత రాదని హామీ లేదు, వాటిపైనా నిఘా ఉండాలి.

మూడోది ఖర్చు. పూత వల్ల రాడ్డు ధర పెరుగుతుంది, నిజమే. కానీ పోల్చాల్సింది మామూలు రాడ్డు ధరతో కాదు. రెండో ఆపరేషన్, మూడో ఆపరేషన్, నెలల మందులు, పోయిన కూలి, అమ్ముకున్న పొలం, వీటన్నిటి మొత్తంతో పోల్చాలి. ఆరోగ్య పథకాలు మొదటి ఆపరేషన్ ప్యాకేజీని మాత్రమే చూస్తే చౌక రాడ్డే గెలుస్తుంది. ఏడాది పొడవునా అయ్యే మొత్తం ఖర్చును చూస్తే తీర్పు మారవచ్చు. మారుతుందా లేదా అన్నది కూడా లెక్క ఉంటేనే తెలుస్తుంది.

ముగింపు

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు బాబాయికి బయోఫిల్మ్ గురించి చెప్పాను. కాగితం మీద రాడ్డు బొమ్మ గీసి, అటు కణాలు, ఇటు బ్యాక్టీరియా అని చూపించాను. అంతా విని, “అయితే నా ఒంట్లో లోపం లేదన్నమాట” అన్నాడు. పద్నాలుగు నెలల ఖర్చుకీ నొప్పికీ తన శరీరమే కారణమని ఆయన ఇన్నాళ్లూ అనుకున్నాడని నాకు అప్పుడే తెలిసింది. తర్వాత ఇంకో ప్రశ్న వేశాడు: “ఇట్టా ఎంతమందికి అయ్యుంటుందిరా?”

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల వ్యవస్థను కట్టడం మిత్రులారా, రేపు మనలో ఎవరో ఒకరు కూర్చోబోయే కుర్చీ పని.

సాధన ప్రశ్న: “వైద్య సాంకేతికతలో ఆవిష్కరణ ఎంత ముఖ్యమో, దాని ఫలితాలను లెక్కించే వ్యవస్థ అంతే ముఖ్యం.” ఎముక ఇంప్లాంట్లకు వేసే యాంటీబ్యాక్టీరియల్ బయోయాక్టివ్ పూతల ఉదాహరణతో విశ్లేషించండి. (250 పదాలు, 15 మార్కులు)